కడబంతిలో మా ఇంటివాళ్ళు

"మీ అన్నగారి గురించి రెండు మాటలు చెప్పండమ్మా" అంటూ మూతి ముందుకు మైకు తోసేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. రెండు మాటలట! బుద్ధెరిగిన నాటి నుంచి చూస్తున్న మనిషి గురించి ఆ రెండు మాటలు ఎక్కడ దొరుకుతాయి? ఒక మాట అనగానే దాన్ని కొట్టేసే ఇంకో మాట వెనకే వస్తుంది. మంచివాడు అంటాను, వెంటనే నా మొగుడి మొహం గుర్తొస్తుంది. పోనీ చెడ్డవాడు అందామా అంటే నోరు రాదు. చివరికి "మా అన్న చిన్నప్పటి నుంచీ అంతేనండీ" అని నవ్వి తప్పించుకుంటాను. ఎంతేనో మాత్రం నన్ను అడగకండి.

పుదుచ్చేరిలో ఒక డ్రమ్ముల ఫ్యాక్టరీలో కూలీగా చేరి, యూనియన్ నాయకుడై, ఇవాళ ఢిల్లీలో పార్లమెంటులో కూర్చుంటున్నాడు మా అన్న. ఆయన మీటింగు ఎక్కడ జరిగినా ఒక కథ చెబుతారు. సమ్మె చేసిన వాళ్ళందరినీ తిరిగి పనిలోకి పంపించి, మిగిలిన ఒక్కడిగా సొంత చెల్లెలి మొగుణ్ణే గేటు బయట నిలబెట్టిన నాయకుడు అని. జనం ఈలలు వేస్తారు. ఆ చెల్లెల్ని నేనే. ఎన్నికలప్పుడు నన్ను స్టేజీ ఎక్కించి, శాలువా కప్పి, త్యాగమూర్తి అన్నారు. నేను చేతులు జోడించాను. నేనేదో ఇచ్చినట్టా, లేక నా దగ్గర్నుంచి ఎవరో లాక్కున్నట్టా? ఆ శాలువా కింద చెమటలు కారుతుంటే అదే ఆలోచించాను. ఇప్పటికీ తేలలేదు.

ఇదంతా మా నాయన గరిటె దగ్గర మొదలైందని నా అనుమానం.

కోసపాళయంలో ఒక్క గది ఇల్లు మాది. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. తెలుగు అక్షరాలు మా పిన్ని పుణ్యమా అని నాకొక్కదానికే వచ్చాయి, అన్నకు ఇప్పటికీ రావు. నాయన పెళ్ళిళ్ళలో వడ్డించేవాడు. వంటవాడు కాదు, ఒక వంట మేస్త్రి కింద పనిచేసే వడ్డనవాడు. ముహూర్తాలున్న నెలల్లో మాకు రోజూ పెళ్ళిభోజనం, మూఢం వస్తే గంజి. నాయన మమ్మల్నీ వెంట తీసుకెళ్ళేవాడు. అన్న నీళ్ళు పోసేవాడు, నేను ఆకులు తుడిచేదాన్ని. పెళ్ళివారు, చుట్టాలు, పక్కాలు అందరూ తిని లేచాక అన్నిటికన్నా చివర పనివాళ్ళకు బంతి వేసేవారు. అదే కడబంతి. అప్పటికి జాంగిరీలు ఉండవు, వడలు ఉండవు, సాంబారులో ముక్కలు వెతుక్కోవాలి.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే అంటారు. ఆ సామెత కట్టినవాడు మా నాయన్ని చూసి ఉండడు.

ఒకసారి అన్న, అప్పటికి వాడికి తొమ్మిదో పదో, నీళ్ళ జగ్గు చాటున ఒక జాంగిరీ దాచి తెచ్చి నా ఆకులో పడేశాడు. నాయన చూశాడు. ఎక్కడో అటు చివర అన్నం పెడుతున్నవాడు గబగబా వచ్చి, నేను కొరకబోతున్న జాంగిరీని నా చేతిలోంచి తీసేసుకున్నాడు. నా ఏడుపు సంగతి సరే, అన్న మొహం మాత్రం నాకింకా గుర్తుంది, ఎర్రగా కందిపోయింది. "సొంతాకు చూసేవాడికి ఊరాకు కనబడదురా. గరిటె పట్టినోడు తన బిడ్డల ఆకు పక్క చూడకూడదు" అన్నాడు నాయన. పదిమందిలో అన్నాడు. ఆ మాట అన్న లోపల మేకు దిగినట్టు దిగిపోయింది.

కానీ ఇంకో రోజు సంగతి కూడా చెప్పాలి. ఆ రోజు కడబంతికి రసం, అన్నమే మిగిలాయి. నాయన అందరికీ పెట్టి, చివరికి మా మధ్యన వచ్చి కూర్చున్నాడు. వడ్డనవాళ్ళకు మేస్త్రి తలా ఒక వడ ముందే తీసి ఉంచేవాడు. నాయన తన వడను రెండుగా తుంచి ఒక ముక్క నా ఆకులో, ఒక ముక్క పక్కనున్న అన్న ఆకులో పెట్టాడు. అన్న అప్పుడు లేడు, వెనకాల కుళాయి దగ్గర బకెట్లు కడుగుతున్నాడు. నాయన నీళ్ళు తాగి లేచి వెళ్ళాడు. నేను నా ముక్క తిన్నాను. అన్న ఎంతకూ రాలేదు. వాడి ముక్క కూడా తినేశాను. ఏడేళ్ళ పిల్లని, ఆకలి. అన్న వచ్చి రసం అన్నం కలుపుకుని తిన్నాడు. నేను చెప్పలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ చెప్పలేదు.

తిన్నాక ఆకు ఎలా మడవాలో కూడా నాయనే నేర్పాడు. శుభకార్యంలో అయితే ఆకును మన వైపుకు మడవాలి, మన పొత్తు ఇలాగే ఉండాలని. చావింట్లో అయితే అటు వైపుకు మడవాలి, ఇలాంటి భోజనానికి మళ్ళీ పిలవొద్దని.

అన్న పదో తరగతి తప్పి మేట్టుపాళయంలో ఇనుప డ్రమ్ములు చేసే ఫ్యాక్టరీలో చేరాడు. నాకు మాత్రం ఎలాగో ప్రభుత్వ ఆఫీసులో టైపిస్టు పని దొరికింది. నా సంబంధం తెచ్చింది కూడా అన్నే. అదే ఫ్యాక్టరీలో, అదే షిఫ్టులో డ్రమ్ములకు మూతలు బిగించే మనిషి. అన్నకంటే ఏడాది పెద్ద. ఇద్దరూ ఒకరినొకరు బావా అని పిలుచుకుంటూ ఒకే సైకిల్ మీద పనికి పోయేవాళ్ళు. నాకు వాళ్ళ స్నేహం కోసం పెళ్ళి చేశారేమో అని కూడా అప్పుడప్పుడూ అనిపించేది.

ఆ ఫ్యాక్టరీలో ఒక ఆచారం ఉంది. ఎవరైనా రిటైరయితే, ఆ రోజు షిఫ్టు అయ్యే వేళకు లోపలున్న వాళ్ళందరూ సుత్తులు తీసుకుని ఖాళీ డ్రమ్ముల మీద కొడతారు. ఆ మనిషి దండ వేసుకుని గేటు దాటేదాకా కొడతారు. రోడ్డు మీద పోయేవాళ్ళు కూడా ఆగి చూస్తారు. నా మొగుడు పెళ్ళయిన కొత్తలోనే చెప్పాడు, "నాక్కూడా ఒక దినం అట్ల కొడతారు సూడు. చెవులు మూసుకోవాల్సి వస్తాది" అని. మనిషికి జీవితంలో ఇంతకంటే పెద్ద కోరికలు లేవు. నేనేమో ఎగతాళి చేసేదాన్ని.

సమ్మె వచ్చింది. ఏళ్ళ తరబడి కాంట్రాక్టు కింద పనిచేసేవాళ్ళను పర్మినెంటు చెయ్యమని. అన్న ఒక డ్రమ్ము బోర్లించి దాని మీద ఎక్కి మాట్లాడేవాడు. వాడి నోట్లో ఇంత తమిళం ఉందని నాకు అప్పుడే తెలిసింది. నెల దాటాక ఒక మధ్యాహ్నం ఎవరో రాయి విసిరారు, మేనేజరు గది అద్దం పగిలింది. తొమ్మిది మందిని సస్పెండ్ చేశారు. అందులో నా మొగుడి పేరు కూడా ఉంది.

ఆ మధ్యాహ్నం నా మొగుడు గేటు దగ్గర లేనే లేడు. నేను విషజ్వరంతో ఆస్పత్రిలో పడి ఉంటే నా మంచం పక్కనే కూర్చుని ఉన్నాడు. ఇది అన్నకు తెలుసు. ఎందుకంటే ఆ రోజే అన్న నాకు పాలూ బన్నూ తెచ్చాడు.

చర్చలు జరిగి జరిగి, చివరికి యాజమాన్యం మిగతా డిమాండ్లన్నీ ఒప్పుకుంది. ఆ తొమ్మిది మందిలో ఎనిమిది మందిని తీసుకుంటాం, ఎంక్వైరీ జరిగేదాకా ఒక్కరు బయట ఉండాలి, ఎవరో మీరే చెప్పండి అన్నారు. వాళ్ళ పరువు వాళ్ళకు కావాలి కదా. అన్న గేటు దగ్గరకు వచ్చి డ్రమ్ము ఎక్కాడు. "ఎనిమిది మంది రేపు లోపలికి పోతారు. బయట నిలబడేది ఒక్కరే. ఆ ఒక్కడు మా ఇంటి మనిషి" అన్నాడు. జనం వాడిని భుజాల మీద మోశారు. ఆ సాయంత్రమే నా మొగుడు ఇంటికి వచ్చి ఇదంతా చెప్పాడు. చప్పట్లు మోగిపోయాయట.

"నువ్వేం చేసినావు?" అన్నాను.

"నేను కూడా కొట్టినా."

"నీ బుద్ధి గడ్డి మెయ్య! నిన్ను బయటికి తోస్తే నువ్వు చప్పట్లు కొడతావా?"

"అందరూ కొడతా ఉండారు గదా మే. నేనొక్కణ్ణే కొట్టకపోతే బావకి ఎట్లుంటాది?" అన్నాడు. తర్వాత కాసేపటికి, "మూడు నెల్లే అంట" అన్నాడు.

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. అన్నను తిట్టిపోశాను, నాలుగు రోజులు మాట్లాడలేదు. అయిదో రోజు వాడు వచ్చి నేల మీద చతికిలబడి "ఆకలేస్తాంది చెల్లే" అంటే పెరుగన్నం కలిపి పెట్టాను. వాడు తిన్నాడు. నా మొగుడు పక్కనే కూర్చుని వాడికి విసనకర్రతో విసిరాడు. వీళ్ళిద్దరి మధ్య నేను కోపం ఎవరి తరఫున తెచ్చుకోవాలి?

మూడు నెలలు మూడేళ్ళయ్యాయి. ఎంక్వైరీ ఏమైందంటే నడుస్తోంది అనేవాడు అన్న. ఈలోగా వాడు ఫ్యాక్టరీ యూనియన్ నుంచి ఊళ్ళోని యూనియన్లన్నిటికీ నాయకుడయ్యాడు. పార్టీ వాళ్ళు పిలిచారు. సొంత బావను కూడా చూడని మనిషి, వీడు డబ్బుకు లొంగడు అన్నారు. లొంగలేదు కూడా, ఆ విషయం నేను గుండె మీద చెయ్యేసుకుని చెబుతాను. ఢిల్లీ నుంచి వచ్చినా మొదట మా ఇంటికే వస్తాడు, అదే నేల మీద కూర్చుంటాడు, అదే పెరుగన్నం. నా మొగుడు మాత్రం చేతికి దొరికిన పనల్లా చేసి, ఆఖరికి సేదరపేట్‌లో ఒక గోడౌన్‌కు వాచ్‌మన్ అయ్యాడు. ఫ్యాక్టరీ గుర్తింపు కార్డును ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువాలో దాచాడు.

అలా ఇరవై ఏళ్ళు గడిచాయి. ఈ మధ్య నా మొగుడికి రిటైర్మెంటు వయసు దగ్గర పడింది, ఇంకో అయిదు నెలలుంది. ఒకరోజు అన్నం తింటూ, "ఒక్క నెల లోపల పని చేసినా చాలు మే. డ్రమ్ములు కొట్టిచ్చుకోని బయటికొస్తే చాలు. లేకపోతే నేను రాయి ఏసినోడిగానే పోతాను గదా" అన్నాడు. అంత సూటిగా ఆయన ఎప్పుడూ ఏదీ అడగలేదు. అడగందే అమ్మయినా పెట్టదు. అన్న ఇప్పుడు ఎంపీ, ఒక ఫోను చేస్తే చాలు. నేను అడుగుతాను అని మాట ఇచ్చాను.

ఆ వారంలోనే యూనియన్ వాళ్ళు ఊళ్ళో ఒక కల్యాణమండపంలో అన్నకు సన్మానం పెట్టారు, మధ్యాహ్నం భోజనాలు. యూనియన్ విందుల్లో నాయకుడే వడ్డించాలన్నది అన్న పెట్టిన పద్ధతి. ఎంపీ అయినా మానలేదు, నడుముకు తువ్వాలు చుట్టి సాంబారు బకెట్ పట్టుకున్నాడు. ఇంటివాళ్ళం కనక మేం కడబంతిలోనే కూర్చున్నాం. బంతి మధ్యలో మా దగ్గర ఆగినప్పుడు అడిగేద్దామని మాటలు కూడబలుక్కుంటున్నాను.

నా మొగుడి పక్కన ఒక పెద్దాయన కూర్చున్నాడు. ఫ్యాక్టరీలో అప్పట్లో పర్సనెల్ ఆఫీసరు, రిటైరై చాలా కాలమైంది. ఆయన తమిళంలో నవ్వుతూ పలకరించాడు, "ఏమయ్యా, వ్యాపారం ఎట్లా సాగుతోంది?"

"ఏ వ్యాపారం సార్?" అన్నాడు నా మొగుడు.

"సొంతంగా ఏదో పెట్టుకున్నావు కదా. నీ ఎంక్వైరీ నాలుగు నెలల్లోనే మూసేశాం, నీ మీద ఏమీ తేలలేదు. ఒప్పందం ప్రకారం ఏ కబురైనా యూనియన్ ద్వారానే పోవాలి. నిన్ను రమ్మని రెండుసార్లు చెప్పి పంపాం. సొంత వ్యాపారం పెట్టుకున్నాడు, ఇంక రాడు అని మీ బావే చెప్పాడు."

నా మొగుడు ఆకులో అన్నాన్ని గుంట చేసి కూర్చున్నాడు, సాంబారు కోసం. అంతలో అన్న వచ్చాడు. నేను ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టాను.

"అన్నా, ఈయప్ప చెప్పేది నిజమేనా?"

అన్న పెద్దాయన వైపు చూశాడు. ఏం జరిగిందో అర్థమైనట్టుంది. "ఇప్పుడు కాదు చెల్లే. బంతి నడస్తా ఉండాది."

"ఇరవై ఏండ్లుగా నడస్తానే ఉండాది నీ బంతి! నిజమా, కాదా?"

బకెట్ కింద పెట్టి నా ముందు గొంతుక్కూర్చున్నాడు. గొంతు తగ్గించి చెప్పాడు. "అప్పుడు యూనియన్ ఎలక్షన్ ఉండె. సొంతోణ్ణి యెనక దోవలో దూర్చినాడు అంటారని భయపడినా. ఎలక్షన్ అయినాక చెప్దాం అనుకుంటి. మల్ల ఇంకోటి వచ్చె. మల్ల ఇంకోటి. అంతలోపల ఆ కతని మీటింగుల్లో చెప్పడం మొదలుపెట్టినారు. ఇంక యాడ చెప్పేది?" ఆగి, చిన్నపిల్లాడిలా అన్నాడు, "నాయన చెప్పలేదా చెల్లే, సొంతాకు చూడకూడదని?"

"చూడొద్దన్నాడు. ఆకు లాగేయమన్లేదు గదా!" నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. "నాయన తన వడ తుంచి మన ఇద్దరి ఆకుల్లో పెట్టినాడు, తెలుసా నీకు?"

"నాకు ఎప్పుడూ పెట్టలా" అన్నాడు అన్న. అబద్ధం చెప్పే మొహం కాదది.

చెప్పక తప్పలేదు. "పెట్టినాడు. నువ్వు బకెట్లు కడగను పోయుంటివి. నీ ముక్క నేనే తినేస్తిని."

అన్న నన్నే చూస్తూ ఉండిపోయాడు. కోపంగానా, దిగులుగానా? నాకు తెలియలేదు. ఆ ముక్క వాడు తిని ఉంటే మా ఇంటి సంగతి వేరుగా ఉండేదా? ఒక వడ ముక్కకు అంత బలముందా, లేక నేనే నా తప్పును గోరంతలు కొండంతలు చేసి వాడి తప్పుకు సాకు వెతుకుతున్నానా? ఒకటి మాత్రం ఖాయం, వాణ్ణి తిట్టడానికి దాచుకున్న మాటలన్నీ ఎక్కడికో పోయాయి.

నా మొగుడు లేచాడు. చెయ్యి కడుక్కుని వచ్చి, కొత్త ఆకు ఒకటి నా పక్కన వేశాడు. అన్న భుజం పట్టుకుని దాని ముందు కూర్చోబెట్టి, బకెట్ తను తీసుకున్నాడు. "కూర్చో బావా. పెట్టినోడు ఇంకా తినలా" అన్నాడు.

అన్నం పెట్టి సాంబారు పోశాడు. అన్న కలపలేదు. "రేపే ఫోన్ చేస్తా బావా. అయిదు నెల్లు ఉండాది గదా ఇంకా. దర్జాగా లోపలికి పోదువు" అన్నాడు.

"వద్దు బావా."

"ఏం?"

"ఆ కతని ఎన్ని ఊర్లలో చెప్పినారు. ఇప్పుడు నేను లోపలికి పోతే అది ఏమయిపోతాది? నిన్ను నమ్మినోళ్ళు ఏమనుకుంటారు? తిను, చల్లారిపోతాది."

ఆ మాట కోపంతో అన్నాడా, ఎగతాళికి అన్నాడా, నిజంగా బావ మీద ప్రేమతో అన్నాడా? ఇన్నేళ్ళు కాపురం చేసిన దాన్ని, ఆయన గొంతులో చీమ పాకినా నాకు తెలుస్తుంది అనుకునేదాన్ని. ఆ రోజు ఏమీ తెలియలేదు. మా అన్న మొహం వైపు ఆయన చూడలేదు, ఆకు వైపే చూస్తూ కూర వడ్డించాడు. అన్నకు ఒక వడ పెడదామని నేను లేచి బుట్టలో చూశాను. అయిపోయాయి. కడబంతి కదా.

అన్న తల వంచుకుని తిన్నాడు. నేను మెతుకు ముట్టలేదు. ఆకును నా వైపుకు మడవాలా, అటు వైపుకు మడవాలా అని చేతులు దాని మీద పెట్టి కూర్చున్నాను. నా మొగుడు వచ్చి నిలబడ్డాడు.

"యా పక్కకి మడిస్తే ఏంది మే, ఎత్తేవాళ్ళు ఎట్లాగూ ఎత్తుతారు. లెయ్. డ్యూటీకి టైమైపోయె" అన్నాడు.

ఆకును అలాగే వదిలేసి లేచాను. ఆయన్ని ఒంటరిగా పంపబుద్ధి కాక నేనూ సేదరపేట్ బస్సు ఎక్కాను. ఏం మాట్లాడాలో తెలియక, టిఫిన్ డబ్బా తెచ్చుకున్నావా అని అడిగాను. ఒళ్ళో ఉన్నదాన్ని చూపించాడు. బస్సు మేట్టుపాళయం చేరింది. ఆ ఫ్యాక్టరీ గేటు వచ్చినప్పుడల్లా ఆయన తల ఇటు తిప్పేసుకుంటాడు, ఇన్నేళ్ళుగా అంతే. ఆ రోజు తిప్పుకోలేదు. గేటు కనబడ్డప్పటి నుంచి దాటిపోయేదాకా దాన్నే చూస్తూ, ఒళ్ళోని స్టీలు డబ్బా మూత మీద వేళ్ళతో కొడుతూ ఉన్నాడు. టంగు టంగున, మెల్లగా.

"ఏంది అది?" అన్నాను, తెలిసే.

"రిటైర్ అయితిని" అన్నాడు.

ఆయన వేళ్ళు ఆగిపోయాయి. నేను చెయ్యి చాపి ఆ మూత మీద కొట్టాను. గేటు ఎప్పుడో దాటిపోయింది. ముందు సీట్లో ఆవిడ వెనక్కి తిరిగి మా ఇద్దరినీ చూసి, మళ్ళీ అటు తిరిగింది. నేను కొడుతూనే ఉన్నాను.